సర్వీసింగ్ నుంచి వచ్చాక ఇంజన్ ఊగిసలాడుతోందా? బిల్లు చేతిలో పట్టుకుని బానెట్ ఎత్తండి

పోయిన వేసవిలో ఒంగోలులో కారు సర్వీసింగ్‌కి ఇచ్చాను. ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు మార్చారు. "థ్రాటిల్ బాడీ కూడా క్లీన్ చేశాం సార్" అని చెప్పి, నీళ్లు కొట్టి తళతళలాడించి ఇచ్చారు. థ్రాటిల్ బాడీ అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలిని ఒక పలకతో పెంచి తగ్గించే భాగం. సాయంత్రం నెల్లూరుకి బయల్దేరాను. హైవే మీద బాగానే ఉంది. టంగుటూరు టోల్‌గేట్ దగ్గర లైన్లో ఆగేసరికి మొదలైంది. కాలు యాక్సిలరేటర్ మీద లేదు, గేరు న్యూట్రల్లో ఉంది. అయినా ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 800 నుంచి 1400కి లేస్తోంది, దబ్బున పడుతోంది, మళ్లీ లేస్తోంది. తొందరపడి రేజ్ చేస్తున్నాననుకున్నాడో ఏమో, ముందున్న లారీ క్లీనరు రెండుసార్లు వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు.

కావలిలో ఆగి ఒక షెడ్డులో చూపిస్తే, బానెట్ పూర్తిగా ఎత్తకముందే తీర్పు వచ్చేసింది. "థ్రాటిల్ బాడీ పోయింది సార్. పదకొండు వేలవుద్ది, రేపొద్దునకి తెప్పిస్తా." ఒక దండం పెట్టి బయటపడ్డాను. మర్నాడు పొద్దున ఇంటి ముందు, ఇంజన్ చల్లగా ఉండగా, టార్చిలైటు వేసి వెతికితే దొరికింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే భాగానికి) తగిలించే పీసీవీ హోసు, అంటే ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్లీ గాలి దారిలోకి పంపే చూపుడువేలంత లావు రబ్బరు గొట్టం, సగమే ఎక్కి ఉంది. థ్రాటిల్ బాడీ విప్పేటప్పుడు తీశారు, పెట్టేటప్పుడు చివరిదాకా నొక్కలేదు. నొక్కి, క్లిప్పు జరిపాను. ఖర్చు సున్నా.

అప్పటి నుంచి చుట్టాల్లో ఎవరి బండికి ఈ రోగం వచ్చినా నాకే ఫోను. నేను మెకానిక్‌ని కాను. అవతలివాళ్లని వరసగా ప్రశ్నలు అడుగుతానంతే, ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. నిన్నటిదాకా బాగున్న బండి సర్వీసింగ్ అవగానే మారిందంటే, ఏ పార్టు పోయిందని కాదు, ఏ పార్టు మీద చెయ్యి పడిందని అడగాలి. ఆ జవాబు బిల్లులోనే ఉంటుంది.

అసలు ఎందుకు ఊగుతుంది

కాలవ గట్టున పాత ఆయిల్ ఇంజన్లు తిరగడం చూసినవాళ్లకి ఇది సులువుగా తెలుస్తుంది. ఆ ఇంజన్‌కి గవర్నర్ ఉంటుంది. వేగం తగ్గితే డీజిల్ పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. దాని స్ప్రింగు సాగినా, లింకు పట్టేసినా ఆలస్యంగా కదులుతుంది, కదిలితే అవసరానికి మించి కదులుతుంది. ఇంజన్ డుగడుగడుగమని లేస్తుంది, డుగ్... డుగ్... అని కుంగుతుంది, ఆరిపోతుందేమో అనుకునేలోపు మళ్లీ లేస్తుంది. మెకానిక్కులు దీన్నే హంటింగ్ అంటారు.

కారులో ఆ గవర్నర్ పని ఈసీయూ అనే కంప్యూటర్ చేస్తుంది. పెట్రోలు ఇంజన్‌కి కిలో పెట్రోలుకి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ కలిసేకొద్దీ ఆ అంకె కొంచెం తగ్గుతుంది. ఐడ్లింగ్‌లో, అంటే కాలు తీసేసి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, థ్రాటిల్ పలక ఇంత సందు తెరిస్తే ఇంత గాలి వస్తుందని ఈసీయూ లెక్క కట్టుకుని ఉంటుంది. ఆ లెక్కలో లేని గాలి ఎక్కడి నుంచో దూరితే ఆర్పీఎం లేస్తుంది. డ్రైవరు కాలు తీసేసి ఉన్నాడు, ఇంజన్ మాత్రం వేగంగా తిరుగుతోంది కాబట్టి బండి వాలులో దిగుతోందనుకుని ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది. ఇంజన్ కుంగుతుంది. ఆగిపోబోతోందని కంగారుగా మళ్లీ పెట్రోలు ఇస్తుంది. దొంగగాలి అక్కడే ఉంది కాబట్టి మళ్లీ లేస్తుంది. కంప్యూటర్ తన పని తను సరిగ్గానే చేస్తోంది. తప్పుడు లెక్క చేతికిచ్చింది మనం.

మొదటి మెట్టు: ఏ రకం ఊగిసలాట?

బానెట్ ఎత్తకముందే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలబడి ఉన్నప్పుడా, 60, 80 స్పీడులో యాక్సిలరేటర్ కదపకుండా పట్టుకున్నప్పుడా? ఏసీ వేస్తేనా, ఆపినా ఉందా? చెక్ ఇంజన్ లైటు వెలిగిందా?

ఏసీ ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. నెల్లూరు ఎండలో ఏసీ ఆపి కారులో కూర్చోవడం శిక్షే కానీ, ఐదు నిమిషాలు ఓర్చుకోండి. ఏసీ కంప్రెసర్ పట్టినప్పుడల్లా, రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఆర్పీఎం కొద్దిగా కదలడం మామూలే. గ్యాస్ తగ్గిన ఏసీలో కంప్రెసర్ నిమిషానికి పలుమార్లు పట్టి వదులుతుంది. అది చూసి ఇంజన్ రోగం అనుకుంటారు. ఏసీ ఆపగానే ముల్లు నిలబడితే ఇంజన్‌ని వదిలేసి ఏసీ సంగతి చూసుకోండి.

వేడెక్కిన పెట్రోలు ఇంజన్ సాధారణంగా 700 నుంచి 850 మధ్య నిలకడగా తిరగాలి. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే ఊగితే గాలి దారి మీద, థ్రాటిల్ మీద అనుమానం. స్పీడులో కూడా ముందుకీ వెనక్కీ ఊపితే ఇంధనం, ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్ వైపు చూడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన ఆటోమేటిక్ బండి స్పీడులో మాత్రమే ఊపితే దోషం ఇంజన్‌ది కాకపోవచ్చు. న్యూట్రల్లో రేజ్ చేస్తే శుభ్రంగా లేస్తోందా చూసుకుని, ఆ బండిని గేర్‌బాక్స్ తెలిసినవాళ్లకే చూపించండి.

రెండో మెట్టు: బిల్లు చదవడం

బిల్లుతో పాటు జాబ్ కార్డు (చేసిన పనులు రాసుకునే కాగితం) కాపీ కూడా అడిగి తీసుకోండి. ఒక్కో లైనుకీ ఎదురుగా, ఆ పని చెయ్యాలంటే ఏమేం విప్పి ఉంటారో రాయండి. బిల్లులో ఎయిర్ ఫిల్టర్ ఉందంటే డబ్బా క్లిప్పులు, పైపు క్లాంపు, అక్కడి సెన్సర్ కనెక్టరు కదిలాయన్నమాట. థ్రాటిల్ క్లీనింగ్‌కి రబ్బరు గొట్టాలు, గ్యాస్కెట్టు, థ్రాటిల్ కనెక్టరు విప్పుతారు. ప్లగ్గులకి కాయిల్ కనెక్టర్లు తీస్తారు. కూలెంట్ మారిస్తే లోపల గాలి చిక్కి ఉండొచ్చు. బ్యాటరీ టెర్మినల్ తీసి ఉంటే ఈసీయూ నేర్చుకున్నదంతా మరిచిపోయి ఉండొచ్చు. ఇంజన్ వాష్ చేసి ఉంటే ప్రతి కనెక్టరూ అనుమానితుడే.

బిల్లులో లేని పనులు కూడా ఉంటాయి. కొత్త ఫ్లోర్ మ్యాటు వేశారా? లావుపాటి మ్యాటు యాక్సిలరేటర్ పెడల్ని కొంచెం నొక్కిపెట్టడం నేను స్వయంగా చూశాను. మా బావమరిది కారు అది. గంటన్నర బానెట్ కింద వెతికి, చివరికి మ్యాటు లాగి పారేశాం.

మూడో మెట్టు: ముందు జాగ్రత్త

సమతలంగా ఉన్న చోట, ఆరుబయట నిలపండి. మూసిన గ్యారేజీలో ఇంజన్ తిప్పితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. న్యూట్రల్ వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం కింద రాయి పెట్టండి. మెడలో తువ్వాలు, చున్నీ తీసేయండి, లుంగీతో బానెట్ దగ్గర నిలబడకండి. ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటది తిరగొచ్చు. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయొద్దు.

ఒక్కసారి బ్రేకు పెడల్ కూడా నొక్కి చూడండి. ఊగిసలాటతో పాటు బ్రేకు రాయిలా గట్టిగా తగిలితే బ్రేకు బూస్టర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం ఊడి ఉండొచ్చు. అది సరయ్యేదాకా బండి రోడ్డెక్కకూడదు.

నాలుగో మెట్టు: గాలి దారి వెంట నడవడం

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం. గాలి బండిలోకి దూరే చోటు నుంచి మొదలుపెట్టి ఇంజన్ దాకా వేలితో తడుముకుంటూ వెళ్లండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా ముందు. అన్ని క్లిప్పులూ పడ్డాయా? ఒక క్లిప్పు పడకుండా మూత ఓరగా ఉంటే ఫిల్టర్ అంచు మడతపడి ఉంటుంది. మూత తీసి ఫిల్టర్ చూడండి. సైజు సరిపోని ఫిల్టర్‌ని నొక్కి కూర్చోబెట్టారా? చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారిలో రోజూ తిరిగే బండికీ, కోతల కాలంలో వరి దుమ్ములో తిరిగే బండికీ ఫిల్టర్ పక్క నుంచి గాలి దూరితే ఊగిసలాటతో ఆగదు, సిలిండర్లు కూడా గీసుకుపోతాయి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి పాత కాగితం ఫిల్టర్‌నే మళ్లీ పెట్టే అలవాటు కూడా ఉంది. ఆ కాగితం చిరిగిందేమో వెలుతురికి పట్టుకుని చూడండి. డబ్బాలో మరిచిపోయిన గుడ్డపీలిక దొరికినా ఆశ్చర్యపోకండి.

తర్వాత డబ్బా నుంచి థ్రాటిల్‌కి వెళ్లే లావు పైపు. రెండు చివర్లా క్లాంపులు బిగించి ఉండాలి. మడతల లోపల చీలిక ఉంటే పైకి కనపడదు. పైపు వంచి చూడాలి.

ఆ పైపు మొదట్లో కనెక్టరు ఉన్న సెన్సర్ ఉంటే అది చాలా బండ్లలో ఎమ్ఏఎఫ్, లోపలికి వచ్చే గాలిని తూచేది. కొన్ని బండ్లలో అది లేకుండా మానిఫోల్డ్ మీద, లోపలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉంటుంది. ఈ తేడా తెలియడం ముఖ్యం. ఎమ్ఏఎఫ్ బండిలో సెన్సర్ దాటాక దూరే ప్రతి గాలీ లెక్కలోకి రాదు. ఆయిల్ పోసే మూత సరిగ్గా బిగించకపోయినా, డిప్‌స్టిక్ పూర్తిగా దిగకపోయినా చాలు, ఆ సందులోంచి దొంగగాలి వచ్చి ఐడ్లింగ్ చెడుతుంది. మ్యాప్ బండిలో మానిఫోల్డ్‌లోకి దూరిన గాలి ఒత్తిడి సెన్సర్‌కి తెలుస్తుంది కాబట్టి పెట్రోలు కూడా పెరుగుతుంది. అందుకే ఐడ్లింగే ఎక్కువై, పైన చెప్పిన లేచి పడే ఆట మొదలవుతుంది. నా కారుకి జరిగిందిదే.

ఆయిల్ రాసే రకం స్పోర్ట్స్ ఫిల్టర్ వేయించుకుంటే ఆ ఆయిల్ ఎమ్ఏఎఫ్ తీగకి అంటుకుని లెక్క తప్పొచ్చు. దానికి విడిగా ఎమ్ఏఎఫ్ క్లీనర్ దొరుకుతుంది. కార్బురేటర్ స్ప్రే కొట్టి ఆ సన్నటి తీగని పాడుచేయకండి.

ఇక థ్రాటిల్ దాటాక ఉండే సన్న గొట్టాలు: పీసీవీ హోసు, బ్రేకు బూస్టర్ హోసు, పెట్రోల్ ట్యాంకు ఆవిర్లు తెచ్చే పర్జ్ హోసు. ఒక్కోదాన్నీ కొద్దిగా లాగి చూడండి. సరిగ్గా ఎక్కిన గొట్టం కదలదు. ఇంజన్ తిరుగుతుండగా ఇస్స్ మని చప్పుడు వస్తోందా వినండి. మీటరు పొడవు రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస గొట్టాల వెంట తిప్పితే, ఫ్యాను, బెల్టుల జోలికి పోకుండా, లీకు ఎక్కడుందో బాగా వినిపిస్తుంది. మెత్తటి రబ్బరు గొట్టాన్ని గుడ్డ చుట్టిన కట్టింగ్ ప్లేయరుతో మెల్లగా నొక్కితే ఊగిసలాట తగ్గిందంటే దొంగ ఆ గొట్టంలోనే ఉన్నాడు.

ఇలా దొంగగాలి దూరే సందుకి, అంటే వాక్యూమ్ లీకుకి, సబ్బు నురగ పనికిరాదు, ఎందుకంటే అక్కడ గాలి బయటికి రాదు, లోపలికే పోతుంది. అగరొత్తి పొగ పట్టి చూసేవాళ్లున్నారు. ఉపాయం మంచిదే కానీ పెట్రోలు ఆవిర్ల దగ్గర నిప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. వేడి ఇంజన్ మీద కార్బురేటర్ క్లీనర్ చిమ్మి ఆర్పీఎం మారుతుందేమో చూడటం కూడా అలాంటిదే. కనపడని లీకుకి షెడ్డులో స్మోక్ టెస్ట్ (గొట్టాల్లోకి పొగ ఎక్కించి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) చేయించడమే తెలివైన పని.

ఐదో మెట్టు: థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారా?

ఇది విచిత్రమైన కేసు. పని సరిగ్గా చేసినా ఇంజన్ ఊగుతుంది. ఏళ్ల తరబడి థ్రాటిల్ పలక అంచున మసి పేరుకుంటుంది, ఆ మసి ఉన్న సందుకే ఈసీయూ అలవాటు పడి పలకని కొంచెం ఎక్కువ తెరుస్తూ ఉంటుంది. మసి కడిగేశాక అదే కోణంలో తెరిస్తే గాలి ఎక్కువ దూరుతుంది. ఆర్పీఎం లేస్తుంది, పడుతుంది. కొత్త అద్దాలు పెట్టుకున్న మొదటి రోజు మెట్లు దిగుతూ తడబడినట్టు.

దీనికి మందు మళ్లీ నేర్పించడం. గొట్టాలన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి, లేకపోతే ఈసీయూ తప్పుడు పాఠం నేర్చుకుంటుంది. చాలా బండ్లకి పనికొచ్చే పద్ధతి ఇది. ఏసీ, లైట్లు, మ్యూజిక్ అన్నీ ఆపండి. పెడల్ మీద కాలు పెట్టకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు, అలాగే వదిలేయండి. ఆపి, కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేసి ఏసీ వేసి ఇంకొంతసేపు తిరగనివ్వండి. తర్వాత అన్ని గేర్లలో పది ఇరవై కిలోమీటర్లు నడపండి. కొన్ని మోడళ్లకి తాళం తిప్పి ఇన్ని సెకన్లు ఆగాలనే లెక్క వేరేగా ఉంటుంది, మరికొన్నిటికి స్కానర్ (ఈసీయూతో మాట్లాడే పరికరం) పెట్టి థ్రాటిల్ అడాప్టేషన్, అంటే పలక కోణం మళ్లీ నేర్పించడం, చెయ్యక తప్పదు. మీ మోడల్ మాన్యువల్లో ఉన్నదే ప్రమాణం. బ్యాటరీ తీసి పెట్టిన బండికి కూడా ఇదే పాఠం.

వైరుతో నడిచే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పలకని తాళం ఆన్‌లో ఉండగా వేలితో నెట్టి తెరిస్తే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరగొచ్చు, మోటారు తిరిగితే వేలు కూడా నలుగుతుంది. మీ బండికి అలా చేశారా అని కోపం లేకుండా అడగండి. "స్కానర్ పెట్టి నేర్పించారా అన్నా?" అని కూడా అడగండి. నేను అడిగితే అవతల పిల్లాడు తల గోక్కున్నాడు.

ఆరో మెట్టు: ప్లగ్గులు, కాయిల్స్, నీళ్లు

ఇంజన్ ఊగడంతో పాటు కుదుపు కూడా ఉంటే, సైలెన్సర్ దగ్గర చప్పుడు లయ తప్పి పుట్ పుట్ మంటుంటే, ఒక సిలిండర్ మండట్లేదని అర్థం. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటే ఆ బండిని నడపకండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ధర ముందు పదకొండు వేలు ఒక లెక్క కాదు.

ఇంజన్ ఆపి, చల్లబడ్డాక, కాయిల్ కనెక్టర్లు ఒక్కోటీ టిక్ మనేదాకా నొక్కండి. ప్లగ్గు తీయడం వచ్చినవాళ్లు పింగాణీ మీద పగులు ఉందేమో, గ్యాపు కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూడాలి. చాలా పెట్రోలు కార్లకి అది 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ప్లగ్గు నంబరు మోడల్‌కి సరిపోయిందా బిల్లులో చూడండి.

ఇంజన్ మీద ప్రెషర్ గన్‌తో నీళ్లు కొట్టడమంటే మనవాళ్లకి సరదా. ప్లగ్గు గుంటల్లో నీళ్లు నిలిస్తే కాయిల్ నిప్పు పక్కకి పారిపోతుంది. అలాంటి బండి మొదటి రోజు ఊగి, ఎండలో నిలిపిన రెండో రోజు తనంతట తనే బాగవుతుంది. బాగయిందని వదిలేయకండి. కనెక్టర్ లోపల చిలుము పడితే నాలుగు నెలలకి మళ్లీ వస్తుంది. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి, వేసవిలో మొదలైన చిలుము సరిగ్గా అప్పుడే బయటపడుతుంది.

ఏడో మెట్టు: ఆయిలూ కూలెంటూ

ఆయిల్ సంగతి చిన్నదే. సమతలంగా నిలిపి, ఇంజన్ ఆపిన పది నిమిషాలకి డిప్‌స్టిక్ చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే తీయించండి. పెట్రోలు బండిలో ఎక్కువైన ఆయిల్ పీసీవీ దారిన గాలిలో కలిసి పొగా, మసీ తెస్తుంది. డీజిల్‌లో ఇదే ప్రాణాంతకం, ఆ మాట కింద చెప్తాను.

కూలెంట్ మార్చి ఉంటే, లోపల గాలి బుడగ చిక్కితే టెంపరేచర్ సెన్సర్ ఒకసారి నీళ్లూ ఒకసారి ఆవిరీ చూస్తుంది. ఈసీయూ ఇంజన్ చల్లబడిందనుకుని పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది. చల్లారాక ట్యాంకులో మట్టం చూడండి.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు స్కానర్

వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ స్టీరింగ్ కింద గుచ్చి, ఫోనులో యాప్ తెరిస్తే చాలా విషయాలు కనపడతాయి. కోడ్ ఉంటే ఫోటో తీసుకోండి, తుడిచేయకండి. కోడ్‌తో పాటు ఆ క్షణంలో ఆర్పీఎం, వేడి ఎంతున్నాయో కూడా ఈసీయూ దాచుకుంటుంది. తుడిస్తే ఆ సాక్ష్యం కూడా పోతుంది. పి0171 అంటే పెట్రోలు చాలట్లేదు లేదా గాలి ఎక్కువైంది. పి0172 దానికి తిరగేసింది. పి0507 ఐడ్లింగ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. పి0300 నుంచి పి0304 దాకా సిలిండర్లు మండకపోవడం, చివరి అంకె ఏ సిలిండరో చెప్తుంది, సున్నా అయితే ఏ ఒక్కదానిలోనో కాదు, అటూ ఇటూ. కోడ్ చూపించేది అనుమానం ఉన్న చోటుని. పి0171 వచ్చిందని ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం, జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చడం లాంటిది.

కోడ్ లేకపోయినా ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఈసీయూ తన లెక్కకి పైన ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో, తగ్గిస్తోందో అది చెప్తుంది. పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే మామూలే. ఐడ్లింగ్‌లో ప్లస్ 15, 20 ఉండి, 2500 ఆర్పీఎంలో పట్టుకుంటే సున్నా దగ్గరికి దిగితే వాక్యూమ్ లీకు. చిన్న సందులోంచి వచ్చే గాలి నిలబడ్డప్పుడు పెద్దదే, ఇంజన్ జోరుగా గాలి పీల్చేటప్పుడు దాని వాటా చిన్నది. వేగం పెరిగేకొద్దీ ప్లస్ ఇంకా పెరిగితే పెట్రోలు అందట్లేదు, పంపు, ఫిల్టర్ చూడాలి. మ్యాప్ బండిలో ట్రిమ్ ఇంత స్పష్టంగా చెప్పదు. అక్కడ మానిఫోల్డ్ ప్రెషర్ చూడండి. తాళం ఆన్ చేసి ఇంజన్ వెయ్యకపోతే మన తీరప్రాంతంలో 100 కిలోపాస్కల్స్ చుట్టూ చూపాలి, వేడెక్కిన ఐడ్లింగ్‌లో 30, 40 మధ్యకి దిగాలి. 50 దాటి ఆడుతుంటే లీకు అనుమానించాలి.

కూలెంట్ వేడి మైనస్ 40 చూపితే చలి వేసింది కాదు, చాలా బండ్లలో ఆ సెన్సర్ కనెక్టర్ ఊడితే కనపడే అంకె అది. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ వోల్టేజీ 13.5 నుంచి 14.7 మధ్య నిలవాలి. ఊగుతుంటే టెర్మినల్ వదులుగా ఉందేమో చూడండి.

డీజిల్ బండి అయితే

డీజిల్‌లో సర్వీసింగ్ తర్వాత ఊగితే మొదటి ముద్దాయి డీజిల్ ఫిల్టర్. మోటారు ఇంజన్ వాడే రైతుకి చెప్పక్కర్లేదు, "ఎయిర్ పట్టింది" అంటాడు. కొత్త ఫిల్టర్‌లో గాలి పూర్తిగా తీయకపోయినా, వాషర్ సరిగ్గా కూర్చోకపోయినా, కింద నీళ్లు తీసే మర లూజైనా డీజిల్‌తో పాటు గాలి బుడగలు వెళ్తాయి. పారదర్శకంగా ఉండే గొట్టం ఉంటే అందులో బుడగలు కనపడతాయి. చేతి పంపు ఉన్న బండిలో అది గట్టిపడేదాకా నొక్కాలి. గాలి తీసిన గంటకే మళ్లీ పట్టిందంటే పీల్చుకునే దారిలో ఎక్కడో సందు ఉన్నట్టే. కామన్ రైల్ బండిలో ఇంజెక్టర్లకి వెళ్లే ఇనప పైపు నట్లు మాత్రం వదులు చేయకండి. పాత ట్రాక్టర్ పద్ధతి అక్కడ పనికిరాదు, వెయ్యి బార్ దాటే ఒత్తిడికి చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరుతుంది.

బీఎస్6 డీజిల్లో ఐడ్లింగ్ కాసేపు పెరిగి, ఫ్యాన్ జోరుగా తిరిగి, తర్వాత మామూలైతే సైలెన్సర్ దారిలోని డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్) తనలోని మసి కాల్చుకుంటోందేమో చూడండి. అది రోగం కాదు.

ఆయిల్ ఎక్కువ పోసిన డీజిల్ బండి గురించి చెప్తానన్నాను కదా. ఆ ఆయిల్ గాలి దారిలోకి వెళ్లి అదే ఇంధనంగా మండితే ఆర్పీఎం పడకుండా పైపైకే పోతుంది, తాళం తీసినా ఆగదు. మాన్యువల్ బండిలో బ్రేకు గట్టిగా తొక్కి, పెద్ద గేరు వేసి క్లచ్ వదిలి ఇంజన్‌ని బలవంతంగా ఆపాలి. ఆగకపోతే అందరూ దూరంగా జరగండి. బానెట్ కింద చేతులు పెట్టే సాహసం వద్దు.

సీఎన్‌జీ బండికి ఒక సౌలభ్యం ఉంది. పెట్రోలుకి మార్చి చూడండి. రెండిట్లోనూ ఊగితే గాలి, నిప్పు వైపు. ఒక్క గ్యాస్‌లోనే ఊగితే రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే భాగం), దాని గొట్టాలు, ట్యూనింగ్. వాటిని సొంతంగా విప్పకండి.

సర్వీసింగ్ నుంచి వస్తూ బంకులో ఆగి ట్యాంకు నింపారా? అది కూడా కాగితం మీద రాసుకోండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పాపం షెడ్డువాళ్ల తప్పు లేకుండానే తిట్లు తినే సందర్భాల్లో ఇదొకటి.

మళ్లీ షెడ్డుకి వెళ్లేటప్పుడు

ఏమీ దొరకకపోతే ఇంకొక చోటికి కాదు, ముందు సర్వీసింగ్ చేసిన చోటికే వెళ్లండి. వేరేవాళ్ల చెయ్యి పడ్డాక "మా పని కాదు" అనడానికి దారి దొరుకుతుంది. ఆర్పీఎం ముల్లు ఊగే వీడియో, స్కానర్ ఫోటో, బిల్లు, జాబ్ కార్డు తీసుకెళ్లండి. "మీరు చెడగొట్టారు" అని మొదలుపెట్టకండి. "ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్ దాకా విప్పినవన్నీ నా ముందు ఒకసారి చూడన్నా" అంటే చాలామంది చూస్తారు. ఏ పార్టయినా మారుస్తామంటే, పాతది పోయిందని ఏ పరీక్షతో తేలిందో చెప్పమనండి, తీసిన పార్టు మీకిచ్చేయమనండి. పేచీ పెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ నంబరు నాకు ఇంతవరకు అవసరం పడలేదు.

బాగయ్యాక ఆ రోజే సంబరపడకండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూడండి, మధ్యాహ్నం ఏసీ వేసి ట్రాఫిక్‌లో ఒకసారి, హైవే మీద నుంచి దిగి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒకసారి చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ స్కానర్ పెట్టి లాంగ్ టర్మ్ ట్రిమ్ పది శాతం లోపుకి దిగిందో లేదో రాసుకోండి. నా కారులో హోసు నొక్కిన రోజు కూడా ముల్లు కొంచెం తడబడింది, ఫ్యాన్ రెండోసారి తిరిగి ఆగాక 750 దగ్గర నిలబడింది. తర్వాతి సర్వీసింగ్‌కి ఇచ్చేముందు బానెట్ ఎత్తి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఏ గొట్టం ఎక్కడ ఉండాలో ఈసారి టార్చిలైటు వేసి వెతుక్కోనక్కర్లేదు.